2009 జిప్సీకి బయానా ఇచ్చాను: మిగతా డబ్బు కట్టేలోపు ఇంకా ఏమేమి చూడాలి?

గోదావరి గట్టు · రాజమహేంద్రవరం · సోమవారం ఉదయం

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ మీరందరూ రాసేవి చదవడమే తప్ప నేను రాసింది లేదు. ఈ రోజు రాయకుండా ఉండలేకపోతున్నాను. నిన్న సాయంత్రం హనుమకొండలో ఒక ఇంటి వాకిట్లో 2009 నాటి మారుతి జిప్సీకి బేరం కుదిరి, 50,000 రూపాయలు బయానా ఇచ్చి వచ్చాను. మొత్తం ధర 3,80,000. తెల్ల రంగు, గట్టి టాపు, 1,298 సీసీ ఎంపీఎఫ్‌ఐ (కార్బురేటరు బదులు ఇంజెక్షన్ ఉన్న) ఇంజను, ఏపీ 36 నంబరు. మొదటి యజమాని చేతుల్లోనే 78,000 కిలోమీటర్లు తిరిగింది. పదిహేనేళ్లు నిండాక ఫిట్‌నెస్ చేయించి రిజిస్ట్రేషన్‌ను 2029 నవంబరు దాకా పొడిగించుకున్నారు.

ఈ ఇష్టం నిన్నటిది కాదు. మా నాన్నగారు రంపచోడవరం అవతల ఒక ఏజెన్సీ బడిలో ఉపాధ్యాయులుగా పనిచేసే రోజుల్లో, వానాకాలం వాగు పొంగితే బస్సు ఇవతలి గట్టునే ఆగిపోయేది. జనమంతా గొడుగులు పట్టుకొని నిలబడి చూస్తుండగా ఒక ప్రభుత్వ జిప్సీ మెల్లగా నీళ్లలోకి దిగి, ఎక్కడా తొందరపడకుండా అవతలి గట్టు ఎక్కి మలుపు తిరిగిపోవడం నా ఏడో ఏట చూశాను. దాని వెనుక తలుపుకు తగిలించిన స్టెప్నీ మీంచి నీళ్లు ధారగా కారడం ఇప్పటికీ కళ్లముందే ఉంది. నిన్న ఆ ఇంటి షెడ్డులో ఇలాంటి స్టెప్నీ మీద చెయ్యి వేసినప్పుడు, ధర అడగడానికి కూడా నాకు కాసేపు మాట రాలేదు.

ఉన్నదున్నట్టు చెప్పాలి కనుక లోపాలు కూడా రాస్తున్నాను. ఎడమవైపు ముందు సీటు దగ్గర మ్యాటు ఎత్తితే అరచేయంత తుప్పు కనిపించింది. ముందు చక్రాల వెనుక ఉండే గుండ్రటి భాగం చుట్టూ నల్లటి జిడ్డు పేరుకొని ఉంది. హనుమకొండ నుంచి కాజీపేట వైపు నడిపి చూసినప్పుడు వేగం 65 దాటగానే స్టీరింగు సన్నగా వణికింది. చక్రాలకు బ్యాలెన్సింగ్ చేయిస్తే పోతుందని వారన్నారు. వచ్చే ఆదివారం మిగతా సొమ్ము కట్టి బండి తెచ్చుకోవాలి. అప్పటికి నేను చూసుకోవలసినవి ఏమిటో పెద్దలు చెప్పాలి. ఇంటికి తెచ్చాక సైనిక వాహనాల తరహాలో ముదురు ఆకుపచ్చ రంగు వేయించాలని కూడా ఉంది.

పాత గ్యారేజీ · వరంగల్ · సోమవారం మధ్యాహ్నం

ముందుగా అభినందనలు. ఈ బండ్ల మీద 28 ఏళ్లుగా పనిచేస్తున్న అనుభవంతో ఒక మాట చెబుతాను. జిప్సీలో ఇంజను గురించి ఆఖరున ఆలోచించండి. అది బాగు చేసుకోగలిగినదే. ఆ జి13బీబీ ఇంజను ఒకప్పుడు ఎస్టీం కారులో కూడా వచ్చింది కాబట్టి, దాని పని తెలిసిన మేస్త్రీలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో అడగండి. కాగితం చూపలేకపోతే మార్చలేదనే అనుకొని తెచ్చిన వారంలోనే మార్పించండి.

మీరు చూడవలసింది ఛాసిస్. నిచ్చెనలాంటి ఆ ఇనుప చట్రం మీద బాడీని వేరుగా కూర్చోబెట్టి రబ్బరు దిమ్మలతో బోల్టులు బిగిస్తారు. బాడీ తుప్పును టింకరింగ్ మేస్త్రీ కోసి అతకగలడు, చట్రం కుళ్లితే మాత్రం ఆ బండి బతుకు అక్కడితో సరి. ఒక చిన్న సుత్తి, టార్చి లైటు, పాత దుప్పటి పట్టుకొని వెళ్లి కింద పడుకోండి. వెనుక కమాన్ కట్టలు చట్రానికి వేలాడే చోటు నుంచి మొదలుపెట్టి ముందుకు జరుగుతూ తేలికగా తట్టుకుంటూ రండి. మంచి ఇనుము ఖంగుమంటుంది, లోపల పొరలు పొరలుగా తుప్పు పట్టిన చోట తడి మట్టికుండ మీద కొట్టినట్టు బద్దగా పలుకుతుంది. బురద చట్రం లోపలికి చేరి ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతుంది కనుక పైకి బాగా కనిపించినా చెవికే పని చెప్పండి. కొత్తగా నల్ల రంగు పూసి ఉంటే అది ఎందుకు పూశారో అడగండి.

మ్యాటు కింది తుప్పు అద్దం చట్రం కింది అంచు నుంచి నీరు కారడం వల్ల వచ్చిందా, లేక తడి బూట్లు, తడి మ్యాటు వల్ల వచ్చిందా అనేది తేల్చుకోవాలి. ఒక చెంబు నీళ్లు ముందు అద్దం రబ్బరు మీద నెమ్మదిగా పోయించి, మీరు లోపల కూర్చొని డ్యాష్‌బోర్డు కింద చేత్తో తడిమి చూడండి. చిన్న అయస్కాంతం జేబులో వేసుకెళ్తే తలుపుల కింది అంచుల్లో ఎక్కడ పుట్టీ పెట్టారో అది అంటుకోకపోవడాన్ని బట్టి తెలుస్తుంది.

వణుకు సంగతి రాత్రికి వివరంగా రాస్తాను, ఎందుకంటే ఆ నల్లటి జిడ్డుకూ ఆ వణుకుకూ సంబంధం ఉందని నా అనుమానం.

కాగితాల పని · విజయవాడ · సోమవారం సాయంత్రం

రంగు గురించి ముందు చెప్పేస్తాను. ముదురు ఆకుపచ్చ ఆలోచన మానుకోండి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989లోని 121వ నిబంధన ప్రకారం ఆ ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ వాహనాలకు మాత్రమే. వేరే ఏ రంగు వేయించినా అది సి బుక్కులో నమోదు కావాలి.

రెండవది నంబరు. ఏపీ 36 అని ఉంది కనుక మన రాష్ట్రపు బండే అనుకునే అవకాశం ఉంది. అది ఉమ్మడి రాష్ట్రంలో వరంగల్ జిల్లాకు ఇచ్చిన సంకేతం. 2014 జూన్ 2 తరువాత ఆ బండి తెలంగాణ రిజిస్ట్రేషన్ కిందికి వస్తుంది కాబట్టి, మీరు రాజమహేంద్రవరంలో పెట్టుకోవాలంటే తెలంగాణ రవాణా కార్యాలయం నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తీసుకోవాలి. అమ్మకానికి ఫారం 29, 30 మీద ఇద్దరి సంతకాలు, కొత్త నంబరుకు ఫారం 27 కావాలి. నంబరు మారాక మీకు మన రాష్ట్రపు కొత్త నంబరు వస్తుంది. పన్ను లెక్క బండి వయసును బట్టి కడతారు కనుక, ఆ సొమ్మును ముందే కనుక్కొని బేరంలో మనసులో పెట్టుకోండి. ఇతర రాష్ట్రపు నంబరుతో 12 నెలలకు మించి తిప్పడం చట్ట ప్రకారం కుదరదు.

ఆదివారం నాడు మీరు చేయవలసిన పని ఒకటి ఉంది. సి బుక్కులోని ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీద ఉన్నవాటితో అక్షరం అక్షరం పోల్చి చూడండి. ఛాసిస్ నంబరు మీద తెల్ల కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకోండి. బ్రేకు ఇన్‌స్పెక్టరు కూడా అదే అడుగుతారు. ఈ జిప్సీల్లో ఇంజను మార్చి డీజిలు ఇంజను వేయించినవి చాలా ఉన్నాయి, సి బుక్కులో ఆ మార్పు ఎక్కనివి కూడా ఉన్నాయి. అలాంటి బండికి ఎన్‌ఓసీ దగ్గరే పని ఆగిపోతుంది. బ్యాంకు అప్పు పేరు సి బుక్కులో ఉంటే ఫారం 35, బ్యాంకు లేఖ లేకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. పెండింగ్ చలాన్లు చూసుకోండి. బీమాను 14 రోజుల లోపు మీ పేరున మార్పించుకోండి.

వారు పొడిగింపు చేయించి ఉండటం మీకు కలిసివచ్చిన సంగతే. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన కార్లకు ఆ రుసుము 600 నుంచి 5,000 రూపాయలు అయింది. ఫిట్‌నెస్ తనిఖీ తిరుగుడు వేరే.

కొండగాలి · విశాఖపట్నం · సోమవారం రాత్రి

మీ ఉత్సాహాన్ని తగ్గించాలని కాదు, కానీ బయానాకు 50,000 మాత్రమే ఇచ్చారు కనుక ఇంకా ఆలోచించుకునే వ్యవధి ఉందని ఈ మాట రాస్తున్నాను. నేను మూడేళ్లు పాత జిప్సీ నడిపి, గత ఏడాది ఒక సెకండ్ హ్యాండ్ మారుతి జిమ్నీ తీసుకున్నాను. 2023 జూన్‌లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన ఐదు తలుపుల జిమ్నీలో కూడా అదే తరహా నిచ్చెన చట్రం, అదే తరహా ముందు వెనుక ఇరుసులు, గుట్టలకూ బురదకూ వాడే తక్కువ గేర్లు ఉన్నాయి. భూమికి ఎత్తు జిప్సీకీ దానికీ 210 మిల్లీమీటర్లే. తేడా ఎక్కడుందంటే, కమాన్ కట్టల బదులు చుట్టల స్ప్రింగులు వచ్చాయి, ఏబీఎస్ బ్రేకులు, ఆరు ఎయిర్‌బ్యాగులు, ఏసీ, పవర్ స్టీరింగ్ వచ్చాయి. అరకు ఘాట్ దిగుతూ వానలో గట్టిగా బ్రేకు వేయవలసి వచ్చిన ఒక రోజున, పక్క సీట్లో మా అమ్మాయి ఉండగా, ఈ తేడా ఎంత విలువైనదో నాకు తెలిసింది.

పిల్లలతో ప్రయాణాలు చేసేవారైతే, ఇంకొంత కూడబెట్టుకొని జిమ్నీయే తీసుకోవడం మేలని నా నమ్మకం.

పాత గ్యారేజీ · వరంగల్ · సోమవారం రాత్రి

వణుకు గురించి చెబుతానన్నాను. ముందు చక్రం వెనుక మీరు చూసిన గుండ్రటి భాగమే నకుల్. దాని లోపల పైన ఒకటి, కింద ఒకటి చొప్పున కింగ్ పిన్ బేరింగులు ఉంటాయి, రెండు వైపులా కలిపి నాలుగు. స్టీరింగు తిప్పినప్పుడు చక్రం ఈ బేరింగుల మీదనే తిరుగుతుంది. ఇరుసు హౌసింగ్‌లోని ఆయిల్ సీలు అరిగితే గేరాయిల్ ఆ గోళంలోకి చేరి, అక్కడున్న గ్రీజును పలచన చేసి, బయటి సీలు గుండా నల్లటి జిడ్డుగా కారుతుంది. గ్రీజు పోయిన బేరింగు అరిగిపోతుంది, అరిగిన బేరింగు వదులవుతుంది, ఆ వదులు వల్ల 60, 70 వేగంలో చక్రాలు రెండూ అటూ ఇటూ కొట్టుకోవడం మొదలుపెడతాయి. బ్యాలెన్సింగ్ చేయిస్తే ఆ వణుకు మొదలయ్యే వేగం కొంత పెరగవచ్చు, జబ్బు పోదు. స్టీరింగుకు కొత్త డ్యాంపర్ వేసి వణుకును దాచిన బండ్లు కూడా నా దగ్గరికి వచ్చాయి.

ఆదివారం ఇలా పరీక్షించండి. ముందు చక్రాన్ని జాకీతో లేపి, పైనొక చెయ్యి, కిందొక చెయ్యి వేసి ముందుకూ వెనక్కూ ఊపండి. కటకటమంటే లోపల ఎవరినైనా కూర్చోబెట్టి బ్రేకు తొక్కించి మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కినప్పుడు ఆ వదులు పోతే అది చక్రం బేరింగు, పోకుండా ఉంటే కింగ్ పిన్. రెండూ బాగుచేయదగినవే. బండి మానుకోవలసినంత కారణం కాదు, ధర తగ్గించమని అడగదగిన కారణం మాత్రం అవుతుంది.

ఇంకొకటి. ఖాళీ మట్టి దారిలో లివరును 4ఎల్‌లో (నాలుగు చక్రాలూ తిరిగే తక్కువ గేరులో) వేసి, రెండో గేరులో నడిపి, ఉన్నట్టుండి యాక్సిలరేటరు వదిలేయండి. లివరు దానంతటదే జారి బయటికి వస్తే లోపలి గేర్లు అరిగినట్టు. నాలుగు చక్రాలకూ బలం పంచే ఆ చిన్న గేరుబాక్సు పెద్ద గేరుబాక్సుకు వేరుగా, మధ్యలో పొట్టి షాఫ్టుతో కలిపి ఉంటుంది. దాని రబ్బరు దిమ్మలు చిరిగితే బండి కదిలేటప్పుడు కింద నుంచి దబ్బుమని శబ్దం వస్తుంది. అది చిన్న ఖర్చు, భయపడకండి.

దక్షిణపు చుక్క · మెల్‌బోర్న్ · మంగళవారం

గోదావరి గట్టు గారూ, మీ వాగు జ్ఞాపకం చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. మాది నిడదవోలు. ఇక్కడికి వచ్చి పదకొండేళ్లయింది. నాలుగేళ్ల క్రితం 2008 నాటి మూడు తలుపుల జిమ్నీ కొన్నాను. మన జిప్సీకి బంధువైన సుజుకీ ఎస్‌జే413 ఇక్కడ ఆస్ట్రేలియాలో సియెరా అనే పేరుతో అమ్ముడైంది. దానిలో పొట్టి రకానికి ముందు వెనుక చక్రాల మధ్య దూరం 2,030 మిల్లీమీటర్లు, మన జిప్సీది 2,375. మన దేశంలో పొడవైనదాన్ని ఎంచుకున్నారు. ఆ పొడవు వల్ల ఎత్తు గుట్టలు ఎక్కేటప్పుడు జిప్సీ నిలకడగా ఉంటుంది కానీ గుట్ట నెత్తిన కడుపు ఆనే అవకాశం కూడా ఎక్కువ. ఇది మీరు నడిపేటప్పుడు గుర్తుంచుకోవలసిన విషయం.

ఇక్కడ విక్టోరియా రాష్ట్రంలో రిజిస్ట్రేషన్‌తో పాటు పాత బండి అమ్మాలంటే, అది రోడ్డు మీద నడపడానికి తగినదని లైసెన్సున్న మెకానిక్ ఇచ్చే ధ్రువపత్రం కావాలి. నేను ఆ పత్రం చూసి నిశ్చింతగా కొన్నాను. రెండు నెలలకు ఫ్రీవే మీద 90 వేగంలో స్టీరింగు చేతుల్లోంచి ఎగిరిపోతుందేమో అన్నంతగా కొట్టుకుంది. వేగం పూర్తిగా తగ్గించేదాకా ఆగలేదు. చివరికి తేలింది గ్యారేజీ గారు చెప్పినదే, కింగ్ పిన్ బేరింగులు. ధ్రువపత్రం చూసిన నేను చక్రం ఊపి చూడలేదు. ఇంటి ముందర మా పక్కింటి పెద్దాయన సాయంతో రెండు శనివారాలు కూర్చొని మార్చుకున్నాను. ఆ పని చేశాకనే ఆ బండి నాది అయిందనిపించింది.

ఎర్రనేల · కర్నూలు · మంగళవారం రాత్రి

మీది మొదటి యజమాని బండి కావడం ఎంత మంచిదో చెప్పడానికి నా అనుభవం రాస్తున్నాను. నేను సైన్యం వేలంలో తీసేసిన జిప్సీ అని చెప్పి ఒక మధ్యవర్తి తెచ్చిన బండి కొన్నాను. బండి నిజంగానే గట్టిది. కానీ వేలం కాగితాలు ఒకరి పేరున, అమ్మకం ఇంకొకరి పేరున, మధ్యలో చేతులు మారిన ఇద్దరి సంతకాలు లేవు. ఆ సంతకాల కోసం పద్నాలుగు నెలలు తిరిగాను. అన్నాళ్లూ బండి మా పెరట్లో వేపచెట్టు కింద కదలకుండా ఉండిపోయింది. కదలకుండా ఉన్న బండికి జరిగే నష్టం నడిచే బండికి జరగదు. పెట్రోలు ట్యాంకు లోపల తుప్పు రేగి, ఫిల్టర్లు ఒకటికి మూడు సార్లు మార్చవలసి వచ్చింది. మీరు కూడా షెడ్డులో ఎన్నాళ్లు ఉందో అడగండి. పంపు ఫిల్టరు విప్పించి చూసి, ఎర్రటి పొడి కనిపిస్తే ట్యాంకు దింపి శుభ్రం చేయించండి.

గోదావరి గట్టు · రాజమహేంద్రవరం · బుధవారం

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఆకుపచ్చ రంగు ఆలోచన మానేశాను.

కొండగాలి గారూ, మీ మాట మా ఇంట్లో కూడా చదివి వినిపించాను. మీరు చెప్పింది నిజం. మాకు రోజువారీ ప్రయాణాలకు వేరే కారు ఉంది, పిల్లలతో దూరం వెళ్లేది దానిలోనే. ఈ జిప్సీని ఏజెన్సీ దారుల కోసం, గోకవరం దగ్గర మా జీడిమామిడి తోటకు వెళ్లడం కోసం, నిజం చెప్పాలంటే నా చేతులతో ఒక యంత్రాన్ని పూర్తిగా తెలుసుకోవడం కోసం కొంటున్నాను. బానెట్టు ఎత్తితే ప్రతి భాగమూ కంటికి కనిపించి, చెయ్యి పట్టేంత ఖాళీ ఉన్న బండి నాకు ఇదే దొరికింది. ఘాట్‌లో వేగం విషయంలో మీ హెచ్చరికను మాత్రం మనసులో పెట్టుకుంటాను.

గోదావరి గట్టు · రాజమహేంద్రవరం · ఆదివారం అర్ధరాత్రి

బండి ఇంటి ముందు ఉంది. నిద్రపోయే ముందు ఇది రాయకుండా ఉండలేను.

ఉదయం తొమ్మిదికి హనుమకొండ చేరి, వారి అనుమతితో దుప్పటి పరుచుకొని కిందకు దూరాను. సుత్తితో నలభై నిమిషాలు తట్టాను. వెనుక కుడివైపు కమాన్ కట్ట వేలాడే చోట ఒక్కచోట మాత్రం శబ్దం మందంగా అనిపించి గుండె ఆగినంత పనయింది. స్క్రూడ్రైవరుతో గీకితే రెండు వేళ్ల మందాన ఎండిన ఎర్రమట్టి రాలింది. మట్టి రాలాక మళ్లీ తట్టితే ఖంగుమంది. ఆ మట్టిని కాగితంలో పొట్లం కట్టి తెచ్చుకున్నాను, ఎందుకో పారేయబుద్ధి కాలేదు.

చెంబు నీళ్ల పరీక్షలో డ్యాష్‌బోర్డు కింద పొడిగానే ఉంది. కాబట్టి ఆ తుప్పు తడి మ్యాటుదే. చక్రం లేపి ఊపితే ఎడమవైపు కటకట స్పష్టంగా ఉంది, వారి అబ్బాయి బ్రేకు తొక్కినా పోలేదు. పెద్దాయన పక్కనే నిలబడి చూసి, నేను అడగకముందే 20,000 తగ్గించారు. ఛాసిస్, ఇంజను నంబర్లు రెండూ సి బుక్కుతో కలిశాయి, పెన్సిలు అచ్చు తీసుకున్నాను. ఫారాల మీద సంతకాలు అయ్యాయి. ఎన్‌ఓసీ దరఖాస్తు వారే చేస్తామన్నారు.

వెళ్లేటప్పుడు ఆయన గ్లవ్ బాక్సులోంచి ఒక పాత లెక్కల పుస్తకం తీసి ఇచ్చారు. 2009 నుంచి పోసిన ప్రతి పెట్రోలు, మార్చిన ప్రతి ఆయిలు తేదీతో, కిలోమీటర్లతో సహా నీలం సిరాతో రాసి ఉన్నాయి. 61,400 దగ్గర ‘టైమింగ్ బెల్టు మార్చితిని’ అని ఉంది. తాళాలు నా చేతిలో పెట్టి, స్టెప్నీ మీద ఒకసారి తట్టి, వెనుదిరిగి చూడకుండా లోపలికి వెళ్లిపోయారు.

ఖమ్మం, సత్తుపల్లి, అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం మీదుగా 300 కిలోమీటర్లకు పైగా 55 వేగం దాటకుండా వచ్చాను. కొవ్వూరు చేరేసరికి చీకటి పడింది. రోడ్డు కం రైలు వంతెన మీద అద్దాలు రెండూ దించేసి, గోదావరి గాలి లోపలికి కొడుతుండగా, కింద రైలు వెళ్తున్న కదలిక స్టీరింగులోంచి అరచేతులకు తెలుస్తుండగా వంతెన దాటాను. ఆ సంతోషం ఎలా రాయాలో నాకు తెలియదు.

పైరుపచ్చ · జంగారెడ్డిగూడెం · సోమవారం

తమ్ముడూ, మా ఊరి మీదుగా వెళ్లావన్నమాట. మొదటే ఈ చర్చ చూసి ఉంటే ఆపి మజ్జిగైనా ఇచ్చేదాన్ని. నేను 1998 నాటి కార్బురేటరు జిప్సీని ఆయిల్‌పామ్ తోటల్లో ఇరవై ఏళ్లకు పైగా నడుపుతున్నాను. నడపడం గురించి రెండు మాటలు చెబుతాను.

ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ మధ్య వేగాల తేడాను సర్దే డిఫరెన్షియల్ ఈ బండిలో లేదు. 4హెచ్‌లో (నాలుగు చక్రాలూ తిరిగే మామూలు గేరులో) వేసి ఎండిన తారు రోడ్డు మీద మలుపు తిప్పితే నాలుగు చక్రాలూ వేర్వేరు దూరాలు తిరగవలసి వచ్చి, ఆ బిగువంతా షాఫ్టుల మీద, వాటి కీళ్లయిన క్రాస్‌ల మీద పడుతుంది. బురద, ఇసుక, వదులు రాళ్లు ఉన్నచోటే వెయ్యాలి, తారు ఎక్కగానే తీసెయ్యాలి. నీ బండికి ముందు చక్రాలను ఇరుసుకు కలిపే, చేత్తో తిప్పే హబ్బులు ఉంటే, దారి చెడకముందే దిగి రెండూ లాక్ చేసుకో. బురదలో దిగబడ్డాక మోకాలి లోతులో హబ్బు తిప్పడం ఎంత కష్టమో నాకు బాగా తెలుసు.

రెండవది, ఎంపీఎఫ్‌ఐ ఇంజను బలం 80 హార్స్‌పవరే అయినా టార్కు 103 న్యూటన్ మీటర్లు 4,500 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది. అంటే నెమ్మదిగా వెళ్లేటప్పుడు ఇంజనులో లాగుడు తక్కువ. అందుకే చాలామంది గుట్ట ఎక్కేటప్పుడు క్లచ్చిని సగం తొక్కిపట్టి ప్లేటు కాల్చేస్తారు. 4ఎల్ ఉన్నది అందుకే. వాగులో కూడా 4ఎల్, రెండో గేరు, ఒకే వేగం. ముందు మనిషి నడిచి చూడని నీళ్లలోకి బండి దింపకు. దాటాక బ్రేకును మెల్లగా నాలుగైదుసార్లు తొక్కి ఆరబెట్టు. వేడెక్కిన హబ్బులు చల్లటి నీళ్లలో మునిగితే సీళ్ల గుండా నీరు పీల్చుకుంటాయి. మరునాడు హౌసింగ్ ఆయిల్ కొద్దిగా తీసి చూడు. పాలకాఫీ రంగులో ఉంటే మొత్తం మార్చెయ్యాలి.

కొండగాలి · విశాఖపట్నం · సోమవారం

ఆ లెక్కల పుస్తకం సంగతి చదివాక నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. అలా చూసుకున్న బండి దొరకడం అరుదు. కింగ్ పిన్ పని పూర్తయ్యేదాకా ఘాట్ దారి పట్టకండి, అంతే నా మనవి.

గోదావరి గట్టు · రాజమహేంద్రవరం · మూడు వారాల తరువాత

పని పూర్తయింది. నాలుగు కింగ్ పిన్ బేరింగులు, రెండు వైపులా లోపలి ఆయిల్ సీళ్లు, బయటి సీళ్లు మార్చాము. మా వీధి చివర లేతు నడిపే మేస్త్రీ, నేను కలిసి మూడు రోజులు చేశాము. గ్యారేజీ గారు ఫోనులో చెప్పినట్టు షిమ్ములు (పల్చటి రేకు వాషర్లు) ఒక్కొక్కటిగా తీస్తూ, వేస్తూ, స్టీరింగు చేతికి స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగి చూస్తూ రెండు వైపులా బిగువు సమానం చేశాము. విప్పిన ఎడమ బేరింగును కిరోసిన్‌లో కడిగితే, దాని గిన్నె మీద రోలర్లు కొట్టుకున్న గుంటలు వరుసగా వేలిగోటికి తగిలాయి. 80 వేగంలో ఇప్పుడు స్టీరింగు మీద రెండు వేళ్లు ఆనించినా కదలడం లేదు. ఎన్‌ఓసీ కూడా చేతికి వచ్చింది.

నిన్న మా నాన్నగారిని ముందు సీట్లో కూర్చోబెట్టుకొని రంపచోడవరం వెళ్లాను. ఆయనకు ఇప్పుడు 76 ఏళ్లు. ఆ వాగు మీద వంతెన కట్టి చాలా ఏళ్లయింది. వంతెన మీద ఆపమని, పక్కన పాత దారి ఇంకా ఉందేమో చూడమన్నారు. తుప్పల మధ్య నుంచి బండ్లు ఇసుక కోసం దిగే జాడ ఉంది. హబ్బులు లాక్ చేసి దిగాము. నాన్నగారు పంచె పైకి కట్టుకొని, నేను వద్దంటున్నా నీళ్లలో నాలుగు అడుగులు వేసి, అవతల ఒరిగిన ఒక నల్లటి బండరాయిని చూపించారు. ఆ రోజుల్లో జిప్సీ డ్రైవరు దాన్నే గుర్తుగా పెట్టుకునేవాడట, రాయి నెత్తి మునిగితే ఎంతటి అధికారి చెప్పినా బండి దింపేవాడు కాదట.

నిన్న రాయి జానెడు పైకి కనిపిస్తోంది. నాన్నగారు మళ్లీ ఎక్కి కూర్చొని తలుపు వేసుకున్నాక, 4ఎల్‌లో రెండో గేరు వేసి దింపాను. అవతలి గట్టు ఎక్కి ఆపి చూస్తే స్టెప్నీ మీద చుక్క నీరు కూడా పడలేదు, నీళ్లు అంత తక్కువగా ఉన్నాయి. ఈ ఉదయం హౌసింగ్ ఆయిల్ తీసి చూశాను. రంగు మారలేదు. వెనుక కమాన్ కట్టల బుష్‌లు వచ్చే నెల మారుస్తాను, వాటి పని చేసినవారు ఉంటే కొలతలు రాయగలరు.